రేవు మెట్ల కిందే ఉన్నాయండీ సిక్లిడ్లు

తొట్టి చేపల గురించి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే గోల, షాపు చేప వద్దు, అడవి చేప కావాలి అని. వీడియోల పుణ్యమా అని మన గోదారి జిల్లాల్లో అందరికీ అమెజాన్ పిచ్చి పట్టుకున్నట్టుంది. పట్టనివ్వండి, నాకూ ఒకప్పుడు పట్టిందే కాబట్టి నేనెవర్నీ ఏమీ అనను. రెండు మూడు జవాబులు కాస్త పెద్దవైపోయాయి, మిగతావి తొందరగా తేల్చేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: సార్, నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను, ఇంట్లో రెండడుగుల తొట్టి ఉంది. ఏపిస్టోగ్రామా అనే బుల్లి సిక్లిడ్ల వీడియోలు చూసి పిచ్చెక్కిపోయింది. ఫార్ములో పెంచినవి కాకుండా డైరెక్టుగా అక్కడి వాగుల్లో పట్టినవే కావాలి. ఎలా తెప్పించుకోవాలి, మన నీళ్ళకి బతుకుతాయా?

జవాబు: తమ్ముడూ, తెలియనివాళ్ళ కోసం ఒక మాట, సిక్లిడ్లంటే గుడ్లనీ పిల్లల్నీ కాపలా కాసే ఒక చేపల కుటుంబం. ముందు అక్కడ వీటిని ఎలా పడతారో చెప్తా, తెప్పించుకోవాలో వద్దో తర్వాత నువ్వే తేల్చుకుందువుగాని. ఏపిస్టోలు ఉండేది దక్షిణ అమెరికాలో, అమెజాన్, ఒరినోకో లాంటి నదుల్లో కలిసే చిన్న చిన్న వాగుల్లో. వీడియోల్లో నీళ్ళు టీ డికాషన్ లాగా కనపడ్డాయి కదా, అది మురికి కాదు, అడవిలో రాలిన ఆకులు నాని నాని దిగిన రంగు. వాగు అడుగంతా ఆ ఆకులే, పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంటాయి, ఈ చేపకి అదే ఇల్లు అదే వాకిలి, ఆ సందుల్లోనే తిండి, ఆ సందుల్లోనే గుడ్లు, పిల్లలు. అందుకని మామూలు చేపల్ని పట్టినట్టు వల లాగితే పడవు. ఆకుల కుప్పని కుప్పగా వలలోకి తోసి పైకెత్తి ఒక్కో ఆకూ తీసి పారేస్తుంటే ఆఖర్న నాలుగు బుల్లి చేపలు గిలగిల్లాడుతూ బయటపడతాయి. మనవాళ్ళు గుర్రపుడెక్క కింద బుట్ట దూర్చి ఒక్కసారి పైకెత్తి రొయ్యపిల్లల్ని ఏరుకుంటారు చూడు, అచ్చం అదే. బ్రెజిల్లో రియో నీగ్రో ఒడ్డున బార్సెలోస్ అని ఊరుంది, అక్వేరియం చేపలు పట్టడమే అక్కడ చాలా కుటుంబాలకి బతుకుతెరువు, పట్టేవాళ్ళని పియబేరోలు అంటారు. వాళ్ళకి ముఖ్యమైన సరుకు కార్డినల్ టెట్రా అనుకో, ఎర్ర నీలం చారలుంటాయి దానికి.

అక్కడ పట్టిన చేప అమలాపురం రావాలంటే గవర్నమెంటు ఇంపోర్ట్ పర్మిషన్ కావాలి, అక్కడినుంచి హెల్త్ సర్టిఫికెట్ రావాలి, ఇక్కడ దిగాక క్వారంటైన్లో ఉండాలి. రెండు జతల కోసం ఒక స్టూడెంటు చేసే పని కాదది. మరి షాపుల్లో వైల్డ్ వైల్డ్ అని అమ్ముతున్నారు కదా అంటావేమో, నా కథ విను. కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద ఊళ్ళో ఒక షాపతను అడవి జత అని చెప్పి నాకు రెండు ఏపిస్టోలు అంటగట్టాడు, రేటు చెప్పను, మా ఆవిడ కూడా ఈ పత్రిక చదువుతుంది. ఇంటికి తెచ్చి తొట్టిలో వదిలిన పది నిమిషాలకి రెండూ పైకొచ్చి గుళికల మేత లటుక్కున తినేశాయి. అప్పుడే అనుమానం రావాల్సింది, నిజంగా వాగులో పుట్టిన చేప మొదటి రోజే ఎండు మేత ముట్టుకోవడం అరుదు, ఆకుల్లో దాక్కుంటుంది, కదిలే పురుగునే చూస్తుంది. నెల తిరిగేసరికి చిన్నది కూడా రెక్కలు సాగదీసి రంగులేసుకుంది. రెండూ మగవే. ఫార్ము చేపలే.

ఇక నీళ్ళ సంగతి. ఆ వాగుల నీళ్ళలో పీహెచ్, అంటే పులుపు కొలత (అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువ), చాలాచోట్ల 4 నుంచి 6 మధ్యనే ఉంటుంది, సున్నం ఖనిజాలు దాదాపు ఉండవు, ఒక రకంగా చెప్పాలంటే ఆకులు నానబెట్టిన వాన నీళ్ళు. మన బోరు నీళ్ళేమో సబ్బు రుద్దితే నురగ రాదు, బకెట్ అంచున తెల్లగా పొక్కులు కడుతుంది. అడవి చేపకి అది పనికిరాదు, బతికినా గుడ్లు నిలబడవు. మన వీధి చివర ప్లాంటులో దొరికే ఆర్వో నీళ్ళ టిన్ను ఉందిగా, అది మూడొంతులు, మామూలు నీళ్ళు ఒక వంతు కలుపుకుని మొదలుపెట్టొచ్చు. ఉత్త ఆర్వో నీళ్ళే పోసేస్తే మాత్రం పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది, ఆ పని చెయ్యొద్దు. రంగు కోసం ఆన్లైన్లో ఏవో సీసాలు అమ్ముతారు, అవేం కొనకు, మీ పెరట్లో బాదం చెట్టు ఉంటే ఎండి రాలిన ఆకులు కడిగి నాలుగు వెయ్యి. పచ్చి ఆకు వద్దు. ఆ ఆకునే విదేశాల్లో ప్యాకెట్లు కట్టి డబ్బులకి అమ్ముతున్నారు, మనమేమో ఊడ్చి తగలబెడుతున్నాం.

ఇంకో తిరకాసు ఎండ. 1996లో ఇద్దరు జర్మన్ పరిశోధకులు ఏపిస్టోల మీద ఒక పేపరు వేశారు, పుట్టేవి మగవా ఆడవా అన్నది పిల్లలుగా ఉన్నప్పటి నీళ్ళ వేడిని బట్టి మారుతుందని, వేడి పెరిగితే మగపిల్లలు ఎక్కువవుతాయని, కొన్ని రకాల్లో పీహెచ్ కూడా లెక్కలోకి వస్తుందని. మే నెలలో మన ఇళ్ళల్లో తొట్టి నీళ్ళు ఎంత వేడెక్కుతాయో నీకు తెలుసు. అందుకని నా మాట వింటే, మొదటిసారి ఫార్ములో పుట్టిన కాకటూ ఏపిస్టో పెంచు, మగదాని తల వెనక రెక్క కాకటూ చిలక జుట్టులాగా లేచి ఉంటుంది, ఏపిస్టోల్లో కాస్త మొండి ఘటం అదే. లేదా వేడికి తట్టుకునేది కావాలంటే రామ్ అనే ఇంకో బుల్లి సిక్లిడ్ తెచ్చుకో, వెనిజులా కొలంబియా గడ్డి మైదానాల చేప అది, 1948లో దానికి శాస్త్రం పేరు పెట్టారు, 28, 29 డిగ్రీల్లో హాయిగా ఉంటుంది, మన డెల్టాకి పెట్టి పుట్టింది. కాకపోతే దానికీ మెత్తటి నీళ్ళే ఇష్టం. అడవి సిక్లిడే కావాలని పట్టుబడితే కింది ప్రశ్న చదువు, నీకు అమెజాన్ దాకా అక్కర్లేదు.

ప్రశ్న: నమస్తే అండి, మాది సఖినేటిపల్లి వైపు. మా రేవులో మెట్ల దగ్గర గిన్నెలు తోముకుంటుంటే పసుపు రంగు చేపలు రెండు రోజూ కనపడుతున్నాయి, అరచేతిలో సగం ఉంటాయేమో, పక్కన నల్ల చుక్క ఉంది. చుట్టూ ఆవగింజల్లాగా పిల్లలు. చెయ్యి పెడితే పారిపోకుండా మీదకి వస్తోంది. మా అబ్బాయి తిలాపియా అంటాడు, మా మావగారు కాదంటారు. ఏంటండి ఇది?

జవాబు: మీ మావగారే కరెక్టు అమ్మా. మీరు చెప్పిన లెక్కన అది ఆరెంజ్ క్రోమైడ్, అచ్చమైన మన దేశపు సిక్లిడ్. ఇండియాలో సొంతంగా పుట్టిన సిక్లిడ్లు మూడంటే మూడే. ఇది ఒకటి. కేరళ వాళ్ళు కరిమీన్ అని ప్రాణం పెట్టే పెద్ద చేప ఒకటి, దాన్ని మన వైపు కొందరు దువ్వెన చేప అంటారు. మూడోది కర్ణాటకలో నేత్రావతి ప్రాంతపు వాగుల్లో ఉంటుంది, దాని బతుకు కష్టంగానే ఉంది. ఈ మూడింటికీ దగ్గర చుట్టాలు ఎక్కడున్నారో తెలుసా, మడగాస్కర్‌లో. ఒకప్పుడు మనమూ మడగాస్కరూ ఒకే నేల ముక్కలే కదా, మీ రేవు మెట్ల దగ్గర తిరిగే చేప ఆ ముచ్చట ఇంకా మోసుకు తిరుగుతోంది.

తిలాపియాకి దీనికి తేడా మీ అబ్బాయికి చూపించండి. తిలాపియా పిల్లకి నల్ల చుక్క వీపు మీది రెక్కలో వెనక భాగాన ఉంటుంది, దీనికి ఒంటి మధ్యలో పక్కన ఉంటుంది. ఇంకా అనుమానముంటే పిల్లలు విడిపోయాక ఒకదాన్ని తడి చేత్తో పట్టుకుని పొట్ట కింద తోకవైపు ఉన్న రెక్క చూడండి, ముందు వరసలో ముళ్ళు లెక్కపెట్టండి, తిలాపియాకి మూడే, దీనికి డజనుకి తగ్గవు. అన్నిటికన్నా తేలిక గుర్తు పిల్లల దగ్గర తెలుస్తుంది. మన కాలువల్లో తిరిగే తిలాపియా తల్లి బెదిరితే పిల్లల్ని నోట్లోకి తీసేసుకుంటుంది, దీనికి ఆ అలవాటు లేదు, తల్లీ తండ్రీ ఇద్దరూ చెరో పక్క కాపలా కాస్తారు. మీ చేతి మీదకి వచ్చింది అందుకే. పిల్లలున్న రోజుల్లో పొట్ట కింద నల్లగా మారుతుంది, కోపమొచ్చినట్టు ఉంటుంది మొహం, చూశారో లేదో. షాపుల్లో నిలువెల్లా నారింజ రంగులో ఉండేదీ ఈ చేపే, కాకపోతే అది తొట్లలో తయారుచేసిన రంగు, మీ రేవులో ఉన్నదే అసలు రంగు.

దువ్వెన చేపతో దీనికున్న సంబంధం గమ్మత్తుగా ఉంటుంది. చిన్నవైన ఈ క్రోమైడ్లు వెళ్ళి ఆ పెద్ద దువ్వెన చేప ఒంటి మీద, రెక్కల మీద పట్టిన బూజు అదీ గిల్లి తినేసి శుభ్రం చేస్తాయి, 1972లో ఈ సంగతి పరిశోధకులు రాశారు కూడా. అదే చేప అదను చూసి ఆ పెద్ద చేప గుడ్లూ పిల్లల్నీ కూడా తినేస్తుంది. పగలు వైద్యం రాత్రి దొంగతనం టైపు.

ఆ జతని మాత్రం పట్టకండమ్మా. పెద్దవి లేకపోతే ఆ ఆవగింజలన్నీ సాయంత్రానికల్లా పరిగెల పొట్టలోకి పోతాయి. పెంచుకోవాలనుంటే పిల్లలు వేలి గోరంత అయ్యాక, వాటంతట అవి విడిపోయాక ఓ ఆరేడు పట్టించండి.

ప్రశ్న: కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువులు చేస్తానండి. మా ఉప్పుటేరులో ఈ పసుపు చేపలు బోల్డు. బకెట్లో వేసి తెచ్చిన ప్రతిసారీ తెల్లారేసరికి చచ్చిపోతున్నాయి. ఏం తప్పు చేస్తున్నానంటారు?

జవాబు: ఏవండీ, మీరు సీడు, అదే రొయ్యపిల్లల్ని, తెచ్చుకునేటప్పుడు ఎంత జాగ్రత్త పడతారో గుర్తుచేసుకోండి, అందులో పావలా వంతు దీనికి చేస్తే చాలు. హేచరీ నీళ్ళ సెలినిటీ (ఉప్పు శాతం) ఎంత, చెరువు సెలినిటీ ఎంత అని ఫోన్ చేసి మరీ కనుక్కుంటారా లేదా? ఇక్కడ మాత్రం ఏటి నీళ్ళలోంచి తీసి బోరు నీళ్ళలో పడేస్తున్నారు. ఈ చేప ఉప్పు నీళ్ళకీ తట్టుకుంటుంది, మంచినీళ్ళకీ తట్టుకుంటుంది, కానీ ఒక్క పూటలో అటునుంచి ఇటు తోసేస్తే ఏ చేపైనా పోతుంది. నేను కూడా మొదట్లో పదకొండు చేపల్ని పెయింట్ డబ్బాలో వేసి మూత బిగించి స్కూటీ మీద ఇరవై కిలోమీటర్లు తెచ్చి తొట్టిలో బోర్లించాను, పొద్దున్నే లేచి చూస్తే నాలుగు మిగిలాయి, ఆ నాలుగులో ఒకటి కన్ను పోయింది. అప్పట్నుంచీ ఇలా చేస్తున్నాను.

పట్టడానికి మంచి టైము వేసవిలో డెల్టా కాలువలకి నీళ్ళు కట్టేసే రోజులు. ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపేశాక కాలువలు ఎండిపోతూ తూముల దగ్గర, వంతెనల కింద మడుగులు మిగుల్తాయి కదా, చుట్టుపక్కల చేపంతా అక్కడికే చేరుతుంది, మనం పట్టకపోయినా కొంగలకో ఎండకో పోయేదే. ఉప్పు తగిలే కాలువల చివర్లలో అయితే మీ చేప అక్కడ ఉంటుంది. మరీ తెల్లవారుజామున వెళ్ళకండి, ఆ టైములో మడుగులో ఆక్సిజన్ ఉండదు, మీకు నేను చెప్పాలా, చెరువులో చేప నోరు తెరుచుకుని పైకి తేలేది ఆ టైములోనే. అప్పుడు పట్టిన చేప సగం చచ్చినట్టే. పొద్దెక్కి ఎనిమిది అయ్యాక, నీళ్ళు కాగకముందు పని ముగించుకోండి. విసురు వల వద్దు, పొలుసు ఊడిపోతుంది. పాత దోమతెర గుడ్డ రెండు కర్రలకి కట్టి ఇద్దరు లాగితే చాలు, చిన్నప్పుడు తువ్వాలుతో పట్టినట్టే. వల పూర్తిగా పైకి ఎత్తకుండా నీళ్ళలోనే ఉంచి చేపని మగ్గుతో నీళ్ళతో సహా తీసుకోండి. కర్ర గడ్డిలో పెట్టేముందు ఒకసారి చప్పుడు చెయ్యండి, నీరుకట్టె పాములుంటాయి, విషం ఉండదుగాని గుండె ఆగుతుంది.

తేవడానికి సీడు కవర్లే వాడండి, ఒక వంతు ఏటి నీళ్ళు, రెండు వంతులు ఆక్సిజన్, కవరుకి నాలుగైదు చేపలు మించకుండా. వీలైతే పట్టినరోజే బయల్దేరకుండా అక్కడే నీళ్ళలో ముంచిన చిల్లుల బుట్టలో ఒక పూట పస్తు ఉంచితే దారిలో రెట్ట వెయ్యవు, రెట్టలోంచి వచ్చే అమ్మోనియా విషం పెరగదు. ఇంటికి తెచ్చాక ఆ నీళ్ళతో సహా బకెట్లో పోసి, మందుల షాపులో దొరికే సెలైన్ పైపుతో తొట్టి నీళ్ళు చుక్కచుక్కగా వదలండి, చక్రం తిప్పి సెకనుకి రెండు మూడు చుక్కలు పడేట్టు పెట్టుకుంటే సరిపోతుంది. సెలినిటీ తేడా ఎక్కువగా ఉంటే ఒక్కరోజులో కాదు, వారం పట్టనివ్వండి. మీ చెరువు గట్టు మీద సెలినిటీ చూసే మీటరు ఎలాగూ ఉంటుంది. తొట్టి నీళ్ళు కొత్తవైతే అసలు తేవద్దు, ఫిల్టరులో ఆ విషాల్ని విరిచే బ్యాక్టీరియా కట్టడానికి నెల పైనే పడుతుంది, అమ్మోనియా నైట్రైటూ సున్నా చూపించేదాకా ఆగండి, ఆ టెస్ట్ కిట్లూ మీ దగ్గరే ఉంటాయి. నిజం చెప్పాలంటే రొయ్య రైతుకున్న సామాను చూస్తే ఊళ్ళో అక్వేరియం వాళ్ళకి కుళ్ళు పుట్టాలి.

తెచ్చినవాటిని మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో పెట్టి చూడండి, ఏటి చేపకి పేను ఉంటుంది, దారంలాగా వేలాడే పురుగు ఉంటుంది. కనపడితే పట్టకారుతో తీసెయ్యండి. చెరువు లెక్కన పర్మాంగనేట్ పోసెయ్యకండి, తొట్టి చిన్నది, చెంచా తేడా వస్తే అంతా అయిపోతుంది. మేత మొదట్లో దోమపిల్లలు, తరవాత గుళికలు. ఆరేడు చేపలకి మూడడుగుల తొట్టి, సుమారు వంద లీటర్లది, ఉండాలి. ఆడా మగా తేడా చూసి చెప్పడం కష్టం, నేనైతే మానేశాను, గుంపుగా పెంచితే జతలు అవే కట్టుకుంటాయి.

ప్రశ్న: కోరింగ మడ అడవుల్లో బోటు దిగి పట్టుకోవచ్చా? అక్కడ ఇంకా మంచి రకాలు ఉంటాయని మా ఫ్రెండు అన్నాడు. – యానాం

జవాబు: వద్దు. అది 1978 నుంచి అభయారణ్యం, సరదాకి కూడా వల దించకూడదు, పట్టుబడితే చేపల లెక్క కాదు వైల్డ్ లైఫ్ చట్టం లెక్క. ఊళ్ళో పంచాయతీ చెరువులైనా పాట పాడుకున్నవాళ్ళని అడిగి దిగండి, అడిగితే కాదనేవాళ్ళు తక్కువే, వాళ్ళకి ఈ చేప ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: మా తొట్టిలో ఆరెంజ్ క్రోమైడ్లు పిల్లల్ని పెట్టాయి. మా చిన్నాడు ఒకటే ఏడుపు, పిల్లలు అమ్మని కొరుక్కు తింటున్నాయి అని. చూస్తే నిజమే, టక్కున వచ్చి పక్కల్లో పొడిచి పారిపోతున్నాయి. విడదీసెయ్యనా? – నరసాపురం

జవాబు: విడదీయకండి, చిన్నాడికి చెప్పండి అవి పాలు తాగుతున్నాయని. ఈ జాతిలో తల్లి తండ్రి ఇద్దరి ఒంటి మీదా జిగురు ఊరుతుంది, పిల్లలు దాన్ని గిల్లి తింటాయి, తండ్రి దగ్గర కూడా తింటాయి గమనించండి. దీపం పక్కన పెట్టి కాసేపు ఓపిగ్గా చూస్తే ఇంకోటి కనపడుతుంది, పిల్ల పొడిచినప్పుడు పెద్ద చేప కదలకుండా ఒక్క క్షణం ఆగుతుంది, పసిపిల్ల జుట్టు పీకుతుంటే మనం ఆగినట్టు. జిగురొక్కటే సరిపోదు, ఆర్టీమియా (రొయ్యపిల్లలకి మేతగా వేసే బుల్లి ఉప్పునీటి పురుగు) గుడ్లు పొదిగించి వెయ్యండి, కాకినాడ వైపు రొయ్య హేచరీల్లో తెలిసినవాళ్ళుంటే చిటికెడు గుడ్లు అడిగితే మీకు నెలకి సరిపోతాయి. పెద్దవాటి ఒళ్ళు మరీ గీతలు పడితే అప్పుడు తీద్దురుగాని.

ప్రశ్న: ట్రాన్స్‌ఫర్ అయిందండి, తొట్టి తీసేస్తున్నాను. రెండు పెద్ద సక్కర్ చేపలు, కొన్ని రామ్‌లు, నాలుగు క్రోమైడ్లు ఉన్నాయి. పాపం చంపడమెందుకని కాలువలో వదిలేద్దామనుకుంటున్నాను. – భీమవరం

జవాబు: ఆ సక్కర్ చేపనే ఇప్పుడు మన చెరువుల్లో దెయ్యం చేప అంటున్నారండి, అలా జాలిపడి ఎవరో వదిలినవే. ఒళ్ళంతా పెంకు, వలలో పడితే వల చిరుగుతుంది, గట్టులో బొరియలు చేస్తుంది, తినేవాడు లేడు. దయచేసి వద్దు. క్రోమైడ్లు మన చేపలే కదా అవి వదలొచ్చా అంటారేమో, తొట్టిలో షాపు చేపలతో కలిసి ఉన్నవి ఏ జబ్బు మోసుకెళ్తాయో తెలీదు, అవి కూడా వద్దు. దగ్గర్లో తొట్టి ఉన్నవాళ్ళకి ఊరికే ఇచ్చెయ్యండి, తీసుకునేవాళ్ళు దొరక్కపోతే షాపువాడికి ఇవ్వండి, డబ్బులివ్వడు కానీ తీసుకుంటాడు.

ప్రశ్న: మీరు ఇంతలా చెప్తున్నారు గానీ ఈ చేప పులుసుకి పనికొస్తుందా లేదా అది చెప్పండి. మా మావయ్య తొట్టి వైపు చూసే చూపు బాలేదు. – రాజోలు

జవాబు: మూడంగుళాల చేపలో ముల్లు తప్ప ఏముంటుందండి, డజను పైన ముళ్ళు ఒక్క రెక్కలోనే ఉన్నాయని పైనే చెప్పాను. దువ్వెన చేప అయితే వేరు, కేరళ వాళ్ళు 2010లో దాన్ని రాష్ట్ర చేపగా కూడా పెట్టుకున్నారు, అరిటాకులో చుట్టి కాలుస్తారు, బ్రహ్మాండంగా ఉంటుంది. మావయ్యగారికి ఎక్కడైనా అది దొరికితే తెచ్చి పెట్టండి, తొట్టి జోలికి రారు.